రిలీవరు వచ్చాకే షిఫ్టు దిగాలి

ఫిట్టర్ మావయ్య స్మారకోపన్యాసం, ఖుర్సీపార్, భిలాయ్



నేను ఈ వీధిలో పుట్టిన పిల్లని. మా తాత పార్వతీపురంలో రైలెక్కి, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా భిలాయ్ చేరాడు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి మట్టీ ఇనుమూ మోసినవాళ్ల పిల్లలం, మనవలం ఈ సభలో చాలామందిమి ఉన్నాం. నేను విశాఖపట్నంలో ఫిజియోథెరపీ చదువుకుని, అక్కడే పనిచేస్తున్నాను. ఏటా కొన్ని రోజులు సెలవు పెట్టి, తోటివాళ్లతో కలిసి పల్లెటూరి దవాఖానాలకు స్వచ్ఛందంగా వెళ్తుంటాను. ఆ పని గురించి మాట్లాడమని మీరు పిలిచారు. ఆ పనిలో నాకు దారి చూపిన మనిషి పేరు మీద మాట్లాడమన్నారు. ఇది నాకు దక్కిన పెద్ద గౌరవం.

ఆయన్ని ఈ బస్తీ అంతా ఫిట్టర్ మావయ్య అనే పిలిచింది. నేనూ అలాగే పిలుస్తాను.

ఆయన స్టీల్ ప్లాంటు నుంచి రిటైరైన కొత్తలోనే అత్తకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక మంచం మీదే ఉండిపోతుందని అందరూ అనుకున్నారు. మావయ్య పెరట్లో నాలుగు గుంతలు తవ్వి, పాత సామాన్ల కొట్లో కొన్న ఇనుప పైపులు నిలబెట్టి, వాటి మీద రెండు పొడుగాటి కడ్డీలు అడ్డంగా బిగించాడు. నడక నేర్పడానికి ఆసుపత్రుల్లో వాడే జంట కడ్డీలు మీలో కొందరు చూసే ఉంటారు. అచ్చం అలాంటివే. ఎత్తు ఎంత ఉండాలో ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు. అత్తని గోడకి ఆనించి నిలబెట్టి, తుంటి దగ్గర సుద్దముక్కతో గీత గీశాడు. మోచెయ్యి కొంచెం వంగి ఉంటేనే బరువు చేతి మీద నిలుస్తుందని పట్టుకుని చూసి తెలుసుకున్నాడు. కడ్డీల ఎత్తు మార్చడానికి వీలుగా పైపులకు వరసగా చిల్లులు పెట్టి బోల్టులు వేశాడు. "రేపు పొట్టివాళ్లు వస్తారు, పొడుగువాళ్లు వస్తారు" అన్నాడు. అన్నట్టే వచ్చారు. అత్త గుమ్మం దాకా నడిచాక ఆ పెరడు వీధి మొత్తానిదీ అయింది.

నేను కాలేజీ నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ కడ్డీల దగ్గర కూర్చునేదాన్ని. నా చదువులో చాలా భాగం అక్కడే జరిగింది. మొదటిసారి పల్లెకి సేవకి వెళ్లి వచ్చి, ఎంతమందిని చూశామో ఆయనకి సంబరంగా చెప్పాను. అంతా విని ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "ఏటమ్మా, మరి రిలీవరు వచ్చాడా?"

ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

1. ఆగని పని

రిలీవరు అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ వివరించనక్కర్లేదు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆగదు. పండగైనా, పెళ్లయినా, చావైనా మూడు షిఫ్టుల్లోనూ దాని ముందు మనిషి ఉండాల్సిందే. అందుకే గంట కొట్టినంత మాత్రాన షిఫ్టు దిగలేం. తర్వాతి మనిషి వచ్చి నిలబడాలి. ఏ మీటరు ఎంత చూపిస్తోందో, ఏ వాల్వు మొరాయిస్తోందో, ఏ పని సగంలో ఉందో అతనికి చెప్పాలి, లాగ్ బుక్కులో రాయాలి. ఆ తర్వాతే గేటు వైపు నడవాలి. అలా అప్పగించకుండా వెళ్లిపోయినవాడు ఎనిమిది గంటలు ఎంత చెమటోడ్చినా ఆ పని పూర్తయినట్టు కాదు.

మనిషి ఒళ్లు కూడా అలాంటిదే. శుక్లాల ఆపరేషన్ సంగతి చూడండి. పల్లెలో శిబిరం పెడతారు, మంచి డాక్టరు వస్తారు, ఒక్క పూటలో ముసలాయనకి చూపు వస్తుంది. ఆ డాక్టరు సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయినా చూపు మిగులుతుంది. సేవా శిబిరం అనగానే మన మనసులో మెదిలేది ఈ బొమ్మే. ఫిజియోథెరపీకి ఇది సరిపోదు. పక్షవాతంతో పడిపోయిన కాలికి నడక తిరిగి రావాలంటే దెబ్బతినని మెదడు భాగం కొత్త దారి వెతుక్కోవాలి. ఆ దారి ఒకే కదలికను రోజూ, వందల సార్లు, నెలల తరబడి చేస్తేనే పడుతుంది. పొలం గట్టు మీద కాలిబాట కూడా మనుషులు మళ్లీ మళ్లీ నడిస్తేనే కదా పడుతుంది. బలహీనపడ్డ కండ పుంజుకోవడానికీ వారాలు కావాలి. వంకర పాదంతో పుట్టిన బిడ్డకు పొన్సేటి పద్ధతిలో వారం వారం పిండికట్టు మార్చుతూ, ఐదారు కట్లతోనే పాదాన్ని చాలావరకు సరిచేయవచ్చు. ఆ తర్వాత నాలుగేళ్ల వయసు దాకా రాత్రిళ్లు ప్రత్యేకమైన జోళ్లు తొడగాలి. తొడగడం మానేస్తే పాదం మళ్లీ తిరిగిపోతుంది. కట్టు వేయడం మా పని, కొన్ని వారాల్లో అయిపోతుంది. జోడు తొడగడం తల్లి పని. అది వెయ్యి రాత్రులకు పైబడి సాగుతుంది.

కాబట్టి వారం రోజులు వెళ్లి వచ్చే మేం ఇచ్చేది మందు కాదు, మందు వాడే పద్ధతి. ఆ పద్ధతి ఎవరి చేతిలో పెట్టి వచ్చామన్నదే అసలు లెక్క.

2. మిషనాసుపత్రిలో ఉండిపోయినవాళ్లు

మన పెద్దవాళ్ల నోట మిషనాసుపత్రి అనే మాట వినే ఉంటారు. ఇప్పుడు మిషన్ ట్రిప్ అంటే విమానం దిగి వారమో పది రోజులో సేవచేసి వెళ్లడం. ఒకప్పుడు ఆ మాటకు అర్థం వేరు. స్కాట్లండ్ డాక్టరు ఇసబెల్ కెర్ 1907లో భర్తతో పాటు నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి మొదలైంది 1915లో. నర్సాగౌడ్ అనే స్థానిక దాత అందుకు పెద్ద విరాళం ఇచ్చారు. ఇసబెల్ పోయేదాకా ఈ నేల మీదే ఉన్నారు. అప్పటికి ఆ జబ్బుకు సరైన మందు లేదు. నూనె సూదిమందు, పుండ్లు కడగడం, పని చూపించడం, మనిషిగా పలకరించడం, వీటితోనే వైద్యం సాగింది. ఇవన్నీ రోజూ చేయాల్సినవే కాబట్టి చేసేవాళ్లు అక్కడే ఉండిపోయారు.

మా వృత్తికి ఈ దేశంలో పునాది పడిన చోట్లలో ఒకటి కుష్ఠు ఆసుపత్రి. 1946లో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. డాక్టరు కాకముందు ఆయన కొన్నేళ్లు వడ్రంగం, తాపీపని నేర్చుకున్నారు. చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రి చూడబోయి, వేళ్లు పక్షి గోళ్లలా వంగిపోయిన ఒక రోగితో చెయ్యి కలిపారు. ఆ పట్టుకి ఆయన చెయ్యి నలిగిపోయినంత పనైంది. చూడడానికి పనికిరాని చేతిలో ఇంత బలం ఎక్కడిది? అరచేతిలోని చిన్న కండరాలు చచ్చుబడినా, ముంజేతి కండరాలు బాగానే ఉన్నాయన్నమాట. ఆ బలంలో కొంత తీసి వేళ్లను సాచడానికి వాడవచ్చని ఆయనకు తోచింది. వేలిని ముడిచే స్నాయువుల్లో ఒకదాన్ని విడదీసి, పాయలు చేసి, వేళ్లను నిటారుగా నిలిపే చోట కుట్టే శస్త్రచికిత్స అలా రూపుదిద్దుకుంది.

కథ అక్కడితో ముగిసిందనుకుంటారు. నిజానికి ఫిజియోథెరపిస్టు కథ అక్కడే మొదలవుతుంది. ఆ స్నాయువు పుట్టినప్పటి నుంచీ వేలిని ముడవడానికే అలవాటు పడింది. ఇప్పుడు అది వేలిని సాచాలి. ఆ సంగతి మెదడుకి తెలియదు. కట్టు విప్పాక రోగి పాత పద్ధతిలో ప్రయత్నిస్తే వేలు ఎదురు తిరుగుతుంది. కొత్త తాడుని కొత్త పనికి అలవాటు చేయడానికి ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు, తర్వాత కొన్ని వారాలు పక్కన కూర్చుని నేర్పాలి. చైనా నుంచి వెల్లూరు వచ్చిన రూత్ థామస్ అనే ఫిజియోథెరపిస్టు ఈ పనికి పూనుకున్నారు. చేతుల కోసం ఫిజియోథెరపీ విభాగం అలా నిలబడింది. కత్తి పట్టిన డాక్టరు పేరు లోకమంతా తెలుసు. ఆ వేలికి వందల గంటలు నడక నేర్పిన ఆమె పేరు మా వృత్తిలోనూ కొందరికే తెలుసు. ఈ సభలో ఆమెకు నమస్కారం చెప్పుకోవాలనిపించింది.

1953లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పాఠశాల మొదలైంది. అందుకు అప్పట్లో పిల్లల కాళ్లు చచ్చుబడేలా చేసిన పోలియో ఒక ముఖ్య కారణం. 1954లో ప్రమాదంలో నడుము కింద స్పర్శ పోగొట్టుకున్న డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తర్వాత న్యూయార్కులో శిక్షణ పొంది, వెల్లూరులో పునరావాస వైద్యానికి ప్రాణం పోశారు. సహజ వైరస్ వల్ల వచ్చే పోలియో ఇప్పుడు మన దేశంలో లేదు. 2011 జనవరి 13న నమోదైనదే ఆఖరి కేసు. కుష్ఠు మాత్రం పోలేదు. దేశస్థాయిలో అది 2005 డిసెంబరు నాటికి అదుపులోకి వచ్చిందని ప్రకటించిన తర్వాత కూడా మన ఛత్తీస్‌గఢ్‌లో పదివేలకు ఒకరు అన్న హద్దు దాటే కనిపిస్తూ వచ్చింది. చాంపాలో మిషన్ ఆసుపత్రితో పాటు, తానే కుష్ఠు రోగి అయిన సదాశివ్ కాత్రే గారు 1962లో మొదలుపెట్టిన ఆశ్రమమూ ఉంది. ఒకటి బయటి నుంచి వచ్చినవాళ్లు కట్టింది, రెండోది ఆ జబ్బు అనుభవించినవాడే కట్టింది. రెండూ నిలిచాయి. రెండు చోట్లా తరం మారేసరికి పని అందుకునే మనిషి సిద్ధంగా ఉండడమే అందుకు కారణమని నా నమ్మకం.

3. గోడ మీద కాగితం

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. రాజనాందగావ్ దాటి అడవి వైపు, సిస్టర్లు నడిపే చిన్న దవాఖానా ఒకటుంది. ఒక వరండా, రెండు గదులు, చేతిపంపు, వేపచెట్టు. ఒక దసరా తర్వాత మేం నలుగురం ఫిజియోథెరపిస్టులం అక్కడికి వెళ్లాం. తెల్లారేసరికి వేపచెట్టు కింద జనం నిండిపోయేవారు. మోకాళ్లు అరిగిన ముసలమ్మలు, నడుము పట్టేసిన కూలీలు, నాలుగేళ్లొచ్చినా మెడ నిలవని బిడ్డని ఒళ్లో పెట్టుకున్న తల్లులు. మేం మధ్యాహ్నం భోజనం కూడా మరిచిపోయి చూశాం. రిజిస్టరు నిండింది. వెళ్లేటప్పుడు ఊరంతా దండలు వేసి సాగనంపారు. ఎంతో మంచి పని చేశామని పొంగిపోయాం.

ఆ జనంలో ఒక దాయి ఉంది. ఛత్తీస్‌గఢీలో పెద్దామెని అలాగే పిలుస్తారు. ఆర్నెల్ల కిందట ఎడమవైపు లక్వా, అంటే పక్షవాతం, కొట్టింది. చెయ్యి కొంత తిరిగొచ్చింది. కాలు మాత్రం కూర్చుంటే లేవనివ్వడం లేదు. ఆమెకి నేను చెప్పింది ఇది: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి నిలబడడం, మళ్లీ నెమ్మదిగా కూర్చోవడం, పూటకి పదిసార్లు, రోజుకి మూడు పూటలు. చాలా మంచి వ్యాయామం అది. తొడ కండకి బలం వస్తుంది, రెండు కాళ్ల మీదా సమానంగా బరువు వేయడం అలవాటవుతుంది. బొమ్మలతో హిందీలో అచ్చువేసిన కాగితం ఆమె చేతికిచ్చి, వరండాలో చేయించి చూపించాను. ఆమె చక్కగా చేసింది.

ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాం. ఈసారి మావయ్య ప్రశ్న నా వెంట ఉంది. దవాఖానాలో కూర్చోకుండా, ఇంతకుముందు చూసినవాళ్ల ఇళ్లకు వెళ్దామని పట్టుబట్టాను. దాయి ఇల్లు పేడతో అలికి, నీలం వేసిన మట్టి గోడల ఇల్లు. లోపల దేవుడి పటం పక్కన నా కాగితం ఉంది. నాలుగు మూలలా అన్నం మెతుకులతో అతికించి, దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరు కప్పారు. అంత భద్రంగా దాచారు. వ్యాయామం మాత్రం ఒక్కరోజూ చేయలేదు. కోడలు తలదించుకుని చెప్పింది. ఇంట్లో కుర్చీ లేదు. ధాన్యం డబ్బు చేతికొచ్చాక ఒక కుర్చీ కొని మొదలుపెడదామని కొడుకు అన్నాడట. ధాన్యం డబ్బు అప్పుకి పోయింది.

నాలుగు నెలలు. నేర్చుకోవాల్సిన నాలుగు నెలల కాలం ఆ కాలికి నా వల్ల పోయింది. ఆ ఇంట్లో కూర్చునే పీట ఏదో నేను అడగలేదు. ఆమెకి ఏం కావాలో కూడా అడగలేదు. అప్పుడు అడిగాను. "మహువా ఏరాలి" అంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్ప పూలు రాలుతాయి. ఎండెక్కక ముందే చెట్టు కింద గొంతుక్కూర్చుని, జరుగుతూ జరుగుతూ ఏరాలి. ఏటా ఆమె చేతికొచ్చే సొంత డబ్బు అదొక్కటే. నా పుస్తకాలు రాసినవాళ్ల దేశంలో మనుషులు కుర్చీలో కూర్చుని, కమోడ్ మీద కూర్చుని బతుకుతారు. అందుకని అక్కడ కుర్చీలోంచి లేస్తే చాలు, మనిషి బాగుపడినట్టే. మన ఊళ్లో నేల మీద గొంతుక్కూర్చుని లేవగలిగితేనే మనిషి బాగుపడినట్టు. నాట్లకీ, పొయ్యికీ, దొడ్డికీ, పూజకీ నేలే కావాలి.

వాళ్లింట్లో తాళ్ల మంచం ఉంది. కాళ్లవైపు తాడు లాగి బిగిస్తే అది కుర్చీలా గట్టిపడింది. కోళ్ల కింద తలా రెండు ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. ఆ ఎత్తు నుంచి దాయి సులువుగా లేచింది. కొన్నాళ్లకి ఒక ఇటుక తీయాలి. అది అలవాటయ్యాక రెండోదీ తీయాలి. ఆ తర్వాత పీట మీద నుంచి, చివరికి నేల మీద నుంచి. ఎప్పుడు తీయాలో కోడలికి చెప్పాను. చెయ్యి ఆనించకుండా, మోకాలు వణక్కుండా, వరసగా పదిసార్లు లేవగలిగిన మూడో రోజున తీయాలి. లెక్క కోసం గోడ మీద బొగ్గుతో గీతలు గీయమన్నాను. కోడలు ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త మితానిన్‌ని కూడా పిలిచింది. ముగ్గురం కలిసి మంచం దించడం, ఎత్తడం చేసి చూశాం. ఈసారి కాగితమేమీ ఇవ్వలేదు.

4. నేస్తం

మితానిన్ అంటే ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్లు పూజ చేసి, జీవితాంతానికీ చేసుకునే స్నేహితురాలు. మన ఉత్తరాంధ్రలో నేస్తం కట్టడం లాంటిదే. అలా కుదిరిన నేస్తరికం చుట్టరికం కంటే గట్టిది. 2002లో ఈ రాష్ట్రం పల్లె ఆరోగ్య కార్యకర్తలకు ఆ పేరే పెట్టింది. ఇప్పుడు 60,000కు పైబడి మితానిన్‌లు ఉన్నారు. దేశమంతా 2005లో వచ్చిన ఆశా కార్యకర్తల పథకానికి దారి చూపినవాటిలో ఇదొకటి. మా పనికి ఇంతకంటే మంచి రిలీవరు ఎక్కడ దొరుకుతుంది? ఆమె అదే ఊళ్లో ఉంటుంది, అదే భాష మాట్లాడుతుంది, పెళ్లికీ చావుకీ ఆ ఇంటికి వస్తుంది.

పని చేసేవాడే వైద్యానికి అండ కావాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. మన ఫర్నేసులకు ఖనిజం పంపే దల్లీ రాజహరాలో, 1977 పోలీసు కాల్పుల్లో చనిపోయిన కార్మికుల గుర్తుగా 1983 జూన్ 3న గని కార్మికులు తమ డబ్బుతో, తమ చేతులతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రిని ప్రారంభించుకున్నారు. శంకర్ గుహ నియోగి నాయకత్వంలోని సంఘం పూనుకుంటే బినాయక్ సేన్, శైబాల్ జానా వంటి డాక్టర్లు వచ్చి పనిచేశారు. గనిలో పనిచేసేవాళ్లు కొందరు ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ పొందారు. డాక్టరు రాకముందూ పోయాకా పేషెంటు పక్కన ఉండేది వాళ్లే కదా.

తెలుగునేల మీద అనంతపురాన్ని తలుచుకోవాలి. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును మొదలుపెట్టారు. 2009లో పోయేదాకా అక్కడే ఉన్నారు. ఆ సంస్థకి ఆసుపత్రులున్నాయి, వికలాంగుల కోసం ప్రత్యేక కార్యక్రమాలున్నాయి. స్పెయిన్ నుంచి స్వచ్ఛంద సేవకులు వచ్చి వెళ్తుంటారు. వచ్చేవాళ్లు మారుతున్నా పని తెగకపోవడానికి కారణం, ఏడాది పొడుగునా ఉండే స్థానిక సిబ్బంది. అతిథి నేర్పేది నిలవాలంటే ఇంటివాళ్లు ఉండాలి.

దూరదేశపు ఉదాహరణ ఒకటి చెప్తాను. డేవిడ్ వెర్నర్ అనే ఆయన మెక్సికో కొండ పల్లెల్లో పనిచేశారు. ఆయనకే కండరాలు క్షీణించే జబ్బు ఉంది. డాక్టరు దొరకని చోట ఏం చేయాలో ఆయన రాసిన పుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్లింది. తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చింది. 1987లో వికలాంగులైన పల్లె పిల్లల గురించి ఆయన మరో పెద్ద పుస్తకం వేశారు. అందులో కర్రలు పాతి కట్టిన జంట కడ్డీలు, పాత టైరుతో చేసిన ఆసనాలు ఉన్నాయి. ఆ బొమ్మలు మొదటిసారి చూసినప్పుడు నాకు మావయ్య పెరడే కనిపించింది. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు. అవసరం ఇద్దరికీ ఒకే పాఠం చెప్పింది.

మన తల్లులకు తెలిసిన వైద్యం కూడా ఒకటుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొందరు బిడ్డలకు కాళ్లు కత్తెరలా బిగుసుకుపోతాయి. ఆ కాళ్లు విడదీసి ఉంచడానికి పెద్ద ఆసుపత్రుల్లో ప్రత్యేకమైన కుర్చీలు చేయిస్తారు. మన అమ్మలు బిడ్డని చంకనెత్తుకుంటే కాళ్లు నడుముకి అటూ ఇటూ వాటంతటవే విడిపోతాయి, వీపు నిటారవుతుంది, బిడ్డ లోకాన్ని చూస్తుంది. రోజుకి ఎన్ని గంటల వైద్యం అది! బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టే ఉంచకండి, చంకనెత్తుకుని తిరగండి అని తల్లికి చెప్పినప్పుడు ఆమె మొహంలో వచ్చే ధైర్యం చూడాలి. తనకు తెలిసినదే మందు అని ఆమెకు తెలుస్తుంది.

5. ఈ వీధికి ఒక మనవి

సేవకి వెళ్లే నా తోటి ఫిజియోథెరపిస్టులకు మూడు మాటలు చెప్పుకుంటాను. ఒకటి, మళ్లీ రాలేని ఊరికి వెళ్లకండి. పది ఊళ్లకు ఒక్కోసారి వెళ్లడం కంటే ఒకే ఊరికి పదిసార్లు వెళ్లడం మేలు. రెండు, రోగితో పాటు రోజూ పక్కన ఉండే మనిషి వచ్చేదాకా వైద్యం మొదలుపెట్టకండి. మూడు, రోజుకి ఎంతమందిని చూశామన్న లెక్క మానేసి, ఎంతమందికి రిలీవరుని నిలబెట్టామో రాయండి. ఆ అంకె చిన్నదే అవుతుంది. అదే నిజమైన అంకె.

ఈ బస్తీ వాళ్లకి ఇంకో మాట. పల్లె దవాఖానా అంటే దూరం అనుకోకండి. పక్షవాతం ఖుర్సీపార్‌లోనూ వస్తుంది. మూతి వంకర పోయినా, చెయ్యి ఎత్తలేకపోయినా, మాట తడబడినా అది మొదలైన గడియ గుర్తుపెట్టుకుని, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే దాన్ని కరిగించే సూదిమందుకి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. పావురం రక్తం పూయడానికీ, ఆకుపసరు కోసం వెతకడానికీ ఆ గడువుని ఖర్చు చేయకండి. ఇంటికి తెచ్చాక పడిపోయిన చెయ్యి పట్టి లాగి లేపకండి, భుజం కీలు జారిపోతుంది. నడుము దగ్గర పట్టుకుని లేపండి. లేవలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి. షుగరు ఉన్నవాళ్లు, కుష్ఠు వల్ల స్పర్శ పోయినవాళ్లు రోజూ రాత్రి దీపం వెలుగులో అరికాళ్లు చూసుకోండి. కుష్ఠు వల్ల స్పర్శ పోయినవాళ్లు పాదాలు నీళ్లలో నానబెట్టి, గట్టి చర్మం మెల్లగా రుద్ది, తడి ఆరకముందే నూనె రాయండి. నొప్పి తెలియని కాలికి కన్నే కాపలా.

ఇదంతా నేర్చుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు. ప్రతి వీధికీ ఇద్దరు ముందుకొస్తే చాలు. నేను ఏడాదికి రెండుసార్లు వచ్చి నేర్పుతాను. మిగతా రోజులు మీవి.

6. అప్పగింత

మూడోసారి ఆ ఊరు వెళ్లింది ఏప్రిల్ ఆఖర్లో. ఎండ మండుతోంది. దాయి ఇంటి ముందు చాప మీద ఇప్ప పూలు ఎండుతున్నాయి. గోడ మీద బొగ్గు గీతలు వరసలు కట్టి దేవుడి పటం దాకా వెళ్లాయి. మంచం కింద ఇటుక ఒక్కటీ లేదు. దాయి పెరట్లో పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, అరచేతులు మోకాళ్ల మీద కూడా ఆనించకుండా లేచి వచ్చింది.

రెండో ఇటుక ఎప్పుడు తీసిందో కోడలిని అడిగాను. పదిసార్లు లేచిన మూడో రోజున మోకాలు కొంచెం వణికిందట. అందుకని ఇటుకంతా తీయకుండా, దాని చోట సగం ఇటుక ముక్క పెట్టి ఇంకో వారం చేయించిందట. ఆ తర్వాత తీసేసిందట. సగం ఇటుక సంగతి నేను చెప్పలేదు, నాకు తట్టనూ లేదు. ఆమె తన అత్త మోకాలిని చూసి, తానే నిర్ణయించుకుంది.

ఆ రోజు నేను షిఫ్టు దిగాను. మావయ్య అప్పటికి లేడు. ఉంటే వచ్చి చెప్పేదాన్ని: మావయ్యా, రిలీవరు వచ్చింది. నాకంటే బాగా చేస్తోంది.

మావయ్య పెరట్లోని కడ్డీలు ఇప్పటికీ ఉన్నాయి. వానకి బోల్టులు తుప్పు పడుతున్నాయి. ఏడాదికోసారి విప్పి, నూనె పెట్టి, మళ్లీ బిగించాలి. ఉన్నన్నాళ్లూ ఆయన చేశాడు. సభ ముగిశాక నేను అక్కడికి వెళ్తున్నాను, స్పానరు నా సంచిలో ఉంది. నాతో రాగలిగినవాళ్లు రండి. ఏ బోల్టు ఎంత బిగించాలో చూపిస్తాను, వచ్చే ఏడాది అది మీ చేతుల మీదుగా జరగాలి.